ద బీట్ బృందాన్ని ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

ప్రశ్న:
ద బీట్ బృందం పాడిన 'సేవ్ ఇట్ ఫర్ లేటర్' విన్నప్పటి నుంచి వారం రోజులుగా అదే నోట్లో నానుతోంది. ఈ బర్మింగ్‌హామ్ బృందాన్ని అందరూ స్కా వర్గంలో చేరుస్తున్నారు గాని, నాకు ఆ పాటలో స్కా ఆనవాలేదీ తగలలేదు. 1980 నుంచి 1982 దాకా వారు చేసిన మూడు ఆల్బమ్‌లలో దేనిని ముందు వినాలి? హిట్ పాటల సంకలనంతో సరిపెట్టుకోవచ్చా? స్కా గురించి నాకు ఏమీ తెలియదని ముందే మనవి చేస్తున్నాను.

మొదటి జవాబు:
సంకలనాన్ని పక్కన పెట్టి, 1980లో వచ్చిన తొలి ఆల్బమ్ 'ఐ జస్ట్ కాంట్ స్టాప్ ఇట్' వినండి. స్కా 1950ల చివర జమైకాలో రూపుదిద్దుకున్న సంగీతం. చేత్తో తాళం వేస్తూ వింటే, దెబ్బ పడిన చోట కాక రెండు దెబ్బల నడుమ ఉన్న ఖాళీలో గిటారు తుంచినట్టుగా పలకడం మీకే తెలుస్తుంది. ఆల్బమ్‌లోని మొదటి పాట 'మిర్రర్ ఇన్ ద బాత్‌రూమ్'ను ఒకసారి గొంతును పట్టించుకోకుండా వినండి. డేవిడ్ స్టీల్ బేస్ గిటారు, ఎవరెట్ మార్టన్ డ్రమ్స్ ఊపిరి సలపనివ్వకుండా పరుగెత్తుతుంటే, శాక్సా వాయించే శాక్సఫోన్ మాత్రం తనకేమీ తొందర లేనట్టు వాటి మీద తేలుతూ ఉంటుంది. ఆయన జమైకాలో పుట్టి, ప్రిన్స్ బస్టర్, డెస్మండ్ డెకర్ వంటి జమైకా గాయకులతో వాయించి, యాభై ఏళ్లకు దగ్గరపడుతుండగా ఈ కుర్రవాళ్లతో కలిసినవారు. పక్కన నిలబడి పాడిన ర్యాంకింగ్ రోజర్‌కు అప్పటికి ఇరవై ఏళ్లయినా నిండలేదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. 1979లో టూ టోన్ సంస్థ విడుదల చేసిన వారి తొలి సింగిల్ (విడిగా విడుదలైన పాట) 'టియర్స్ ఆఫ్ ఎ క్లౌన్' బ్రిటన్‌లో వచ్చిన అసలు ఆల్బమ్‌లో లేదు, అమెరికా ప్రతిలో ఉంది. అమెరికాలో అదే పేరుతో మరో బృందం ఉన్నందువల్ల వీరిని అక్కడ 'ది ఇంగ్లిష్ బీట్' అన్నారు కాబట్టి, ఆ పేరుతో కూడా వెతకండి.

రెండో జవాబు:
పై మిత్రునితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. గాయకుడు డేవ్ వేక్లింగ్ చెప్పినదాని ప్రకారం, మీకు నచ్చిన పాట ఆయన బృందం పుట్టకముందే, ఇరవై ఏళ్లు నిండకముందే కట్టినది. మరీ రాక్ ధోరణిలో ఉందన్న అభ్యంతరంతో తోటివారు దానిని చాలాకాలం దూరం పెట్టారు. అందులో స్కా వినిపించకపోవడం మీ చెవి లోపం కాదు. అందువల్ల ఆ పాట ఉన్న మూడో ఆల్బమ్ 'స్పెషల్ బీట్ సర్వీస్'తోనే మొదలుపెట్టడం మేలు. 'ఐ కన్ఫెస్'లో న్యూ వేవ్ (పంక్ రాక్ తరువాత వచ్చిన పాప్ ధోరణి) సొగసు, 'స్పార్ విడ్ మీ'లో రెగే (స్కా నుంచి పుట్టిన, నిదానంగా నడిచే జమైకా సంగీతం) విడివిడిగా వినిపిస్తాయి కాబట్టి, రెండింటినీ ఒకే కుండలో ఉడికించిన తొలి ఆల్బమ్ ఆ తరువాత సులభంగా పట్టుబడుతుంది. 1981 నాటి 'వాపెన్?' నిదానమైనది, నేను మొదటిసారి సగంలో ఆపేశాను. దానిని చివరికి ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరి మాటా విని రెండు ఆల్బమ్‌లూ ముగించాను. 'స్టాండ్ డౌన్ మార్గరెట్' అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌ను గద్దె దిగమని అడుగుతోందని తెలియకుండానే రెండు రోజులు హాయిగా కాలు ఆడించాను! బృందం 1983లో విడిపోయిన తరువాత ఎవరిని వినాలి?

మొదటి జవాబు ఇచ్చినవారు:
మీ చెవి వేక్లింగ్, రోజర్‌ల గొంతుల వెంట పోయి ఉంటే వారిద్దరూ స్థాపించిన జనరల్ పబ్లిక్‌ను వినండి. బేస్ వెంట పోయి ఉంటే, స్టీల్, గిటారిస్టు ఆండీ కాక్స్ కలిసి కట్టిన ఫైన్ యంగ్ కానిబల్స్‌ను వినండి. అయితే ముందు 'వాపెన్?' బాకీ తీర్చండి.