జారవిడిచారా, దిగబెట్టారా? ఒక క్రియ దగ్గర ఇరుక్కుపోయా

అందరికీ నమస్కారం అండి. సందేహం చిన్నదే గానీ రెండ్రోజులుగా బుర్ర తినేస్తోంది. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సులోకి బ్రిటన్ వాళ్ళు రాత్రిపూట విమానాల్లో ఏజెంట్లని పంపేవాళ్ళు కదా, దాని మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నా. ఇంగ్లీషులో ఎక్కడ చూసినా డ్రాప్ డ్రాప్ అనే ఉంటుంది, నేనూ అన్నిచోట్లా "జారవిడిచారు" అని రాసుకుంటూ పోయా. మా ఆవిడ చదివి "మనుషుల్నా, పులిహోర పొట్లాల్నా?" అంది. నిజమే, వరదలొచ్చినప్పుడల్లా హెలికాప్టర్లోంచి ఆహార పొట్లాలు జారవిడిచారు అని పేపర్లో చదివీ చదివీ ఆ మాటకి పొట్లం వాసన అంటుకుపోయింది.

అసలు గొడవేంటంటే అక్కడ జరిగినవి రెండు వేరే వేరే పనులు. ఒకటి, హాలిఫాక్స్ లాంటి పెద్ద బాంబర్లో తీసుకెళ్ళి, విమానం అడుగున ఉన్న రంధ్రంలోంచి పారాచూట్‌తో దూకించడం. రెండోది లైసాండర్. ఇది ఒక్క ఇంజనుతో, పైన పెద్ద రెక్కతో, ముడుచుకోని చక్రాలతో ఉండే చిన్న విమానం. మొదట సైన్యానికి సాయంగా చుట్టుపక్కల చూసి రావడానికి చేశారు, 1940లో ఫ్రాన్సు మీద పగటిపూట తిప్పితే పిట్టల్లా రాలిపోయాయి. కానీ చిన్న పొలంలో కూడా దిగి మళ్ళీ లేవగలదు, ఆ గుణం పట్టుకుని కడుపు కింద ఇంకో పెట్రోల్ ట్యాంకు, ఎడమ పక్కన ఒక నిచ్చెన బిగించి ఈ పనికి పెట్టారు. తుపాకులుండవు, దారి చెప్పేవాడు ఉండడు, పైలట్ ఒక్కడే మోకాళ్ళ మీద మ్యాపు పెట్టుకుని వెన్నెల్లో నదులు చూసుకుంటూ పోవాలి. అందుకే పున్నమికి అటో వారం ఇటో వారం మాత్రమే ప్రయాణాలు. కింద పొలంలో కర్రలకి మూడు టార్చిలైట్లు కట్టి తిరగేసిన ఎల్ ఆకారంలో పాతేవాళ్ళు, పొడుగు దాదాపు 150 గజాలు. ముందే అనుకున్న మోర్స్ అక్షరం కింద నుంచి లైటుతో కొడితేనే దిగడం, అక్షరం తప్పితే వచ్చిన దారినే వెనక్కి.

మరి ఇలా నేల మీద దిగి, మనిషిని నిచ్చెన మీంచి కిందికి పంపి, మళ్ళీ ఎగిరిపోతే దాన్ని జారవిడవడం అంటామా? నాకు "దిగబెట్టారు" అని తోచింది, పిల్లని అత్తారింట్లో దిగబెట్టి వచ్చాం అన్నట్టు. నా వాక్యం ఇదీ (నూర్ అంటే అలా వెళ్ళిన ఒక బ్రిటిష్ ఏజెంటు): "1943 జూన్ 16 రాత్రి నూర్ ఇనాయత్ ఖాన్‌ని లైసాండర్‌లో ఫ్రాన్సులో క్షేమంగా దిగబెట్టారు." పెద్దలు చెప్పాలి.

జవాబు: దిగబెట్టారు బావుందండి. దింపారు అన్నా తప్పు లేదు గానీ అందులో ఆటోవాడు కనిపిస్తాడు. దిగబెట్టడంలో వెంట వెళ్ళడం, చేర్చడం, తిరిగి రావడం మూడూ ఉన్నాయి. ఇంకోటి, మీరు ఏజెంటుకి గూఢచారి అని వాడకపోవడం మంచిపని, వీళ్ళలో చాలామంది పని రహస్యాలు కూపీ లాగడం కాదు, రైలు పట్టాలు పేల్చడం, ఆయుధాలు చేర్చడం, వైర్లెస్ నడపడం. ఒకవేళ వాళ్ళలో అసలు గూఢచారులే ఉంటే పాత మాట వేగు ఉంది కదా, సరదాకి చెప్తున్నా, తెల్లవారడాన్ని కూడా వేగడం అనే అంటాం, వేగుజాము, వేగుచుక్క. కాబట్టి లైసాండర్ పైలట్ డ్యూటీ ఒక్క ముక్కలో "వేగుల్ని దిగబెట్టి వేగేలోపు రావడం". వ్యాసంలో పెట్టకండి, తిడతారు.

జవాబు: అన్నా, దిగబెట్టుడు అంటే సగం ముచ్చటనే అయితది. గా విమానం ఉట్టిగ దించి రాలే గదా, అక్కడ ఉన్నోళ్ళను ఎక్కించుకొని కూడ వచ్చింది, ఆ పైలట్లు దాన్ని పికప్ అనే అన్నరు. మా దిక్కు దీనికి మాట ఉన్నది: తోల్కపోవుడు, తోల్కచ్చుడు. లోపలున్న ఒకాయన కిందికి దిగేటోళ్ళ పెట్టెలు అందిచ్చి, పైకి ఎక్కేటోళ్ళ పెట్టెలు అందుకొని గప్పుడు దిగుతడు, మూడు నాలుగు నిమిషాల్ల అంతా అయిపోవాలె. ఒక్కోసారి అయితుండె కాదు. 1944 ఫిబ్రవరిల లూసీ ఓబ్రాక్ అని రెసిస్టెన్స్ (జర్మన్ల మీద చాటుగ కొట్లాడిన ఫ్రెంచోళ్ళు) ఆమె, నిండు గర్భిణి, ఆమెను భర్తతోని లండన్ తోల్కచ్చేటందుకు లైసాండర్ కన్న పెద్దది, హడ్సన్ విమానం పోతే అది పొలంల బురదల దిగబడ్డది. ఊరోళ్ళు ఎడ్లను, గుర్రాలను తెచ్చి గుంజిన్రు. ఎట్లనో లేశింది, లండన్ చేరినంక కొద్దిరోజులకే ఆమెకు బిడ్డ పుట్టింది. గీడ పికప్ అని రాస్తె ఏం బాగుంటది, కాన్పుకు తోల్కచ్చిండ్రు అని రాయరాదు.

జవాబు: అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నాకు నూర్ వాక్యమే ముల్లులా గుచ్చుకుంటోంది. దిగబెట్టడం అంటే మన మనిషిని మనవాళ్ళ చేతుల్లో పెట్టి రావడం. ఫ్రాన్సులో ఆంజే ఊరి దగ్గర ఆ పొలంలో టార్చిలైట్లు పాతించి ఆవిణ్ణి అందుకున్నది బ్రిటన్ వాళ్ళ ఏజెంటే అయిన ఆన్రీ డెరికూర్, ఆ టైములోనే పారిస్‌లో జర్మన్ నిఘావాళ్ళతో సంబంధాలున్న మనిషి (1948లో కోర్టు వదిలేసిందిలెండి). అక్టోబర్‌లో ఆమెని పట్టుకున్నారు, 1944 సెప్టెంబర్ 13న జర్మనీలోని డాహౌ నిర్బంధ శిబిరంలో కాల్చేశారు. అలాంటి చోట దిగబెట్టారు అనొచ్చా? ఆమె మనకి మరీ పరాయిది కూడా కాదండి, వాళ్ళ నాన్న ఇనాయత్ ఖాన్ వీణ పట్టుకుని హైదరాబాద్ వచ్చినవాడు, సూఫీ గురువు దొరికింది ఆయనకి అక్కడే.

మళ్ళీ నేనే: అందరికీ థాంక్సండి. ఫ్రెంచ్ రెసిస్టెన్స్ నాయకుడు జా మూలాఁ విషయంలో మూడు క్రియలూ వాడేశా: 1942 జనవరి మొదట్లో పారాచూట్‌తో దూకించారు, 1943 ఫిబ్రవరిలో లైసాండర్‌లో తోల్కచ్చారు (అన్నా, మీ మాటకి మా కోస్తా తోక తగిలించా, క్షమించాలి), మార్చిలో మళ్ళీ లైసాండర్‌లోనే వెనక్కి దిగబెట్టారు. జారవిడవడం ఆయుధాల డబ్బాలకి వదిలేశా. నూర్ గురించి మాత్రం చాలాసేపు ఆలోచించా. దించారు, వదిలారు, చేర్చారు, అన్నీ పెట్టి చూశా. ఆ రాత్రి విమానం నడిపినవాడికి తెలిసినంతలో వాడు దిగబెట్టే వచ్చాడు. అందుకని దిగబెట్టారు అలాగే ఉంచేశా, ముందున్న "క్షేమంగా" కొట్టేశా.