20 సిస్టమ్‌ల ఆర్డర్: సికింద్రాబాద్‌లో మాల్ ఎట్ల తీసుకుంటే కలిసొస్తది?

హన్మకొండ_సిస్టమ్స్
స్కూల్ ల్యాబ్‌కు 20 డెస్క్‌టాప్‌ల కొటేషన్ ఇయ్యాలె. ఇంటెల్ ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 22 అంగుళాల మానిటర్. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మూడు షాపుల రేట్లు చూస్తే ఒకే సెట్టుకు వెయ్యి, పన్నెండు వందల తేడా. బిల్లు వద్దంటే ఇంకా తగ్గిస్తరట. 21 రోజుల ఉద్దెర ఉన్నది, రొక్కం కడితే 2 శాతం తగ్గింపు. మాది రెగ్యులర్ జీఎస్టీ, కాంపోజిషన్ కాదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్ను మాకు క్రెడిట్ వస్తది. ఏ దారి మంచిది?

పార్క్‌లేన్_లెక్క
బిల్లు లేని మాల్ ముచ్చట ముందు పక్కన పెట్టండి అన్నా. ఒక ఎస్ఎస్‌డీ 3,100, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుందాం. చేతి నుంచి పోయేది 3,658. బిల్లు లేకుండా 3,350కి ఇస్తే 308 మిగిలినట్టే కనిపిస్తది. కానీ బిల్లుంటే ఆ 558 మీరు కట్టాల్సిన జీఎస్టీలో క్రెడిట్ కింద సర్దుకుంటది, మీకు పడ్డది 3,100 మాత్రమే. స్కూలుకు ఎట్లాగూ జీఎస్టీ బిల్లు కొట్టాలె, క్రెడిట్ లేకపోతే ఆ పన్ను మొత్తం రొక్కంగ కట్టుడే. వారంటీకి పోతే అడిగే మొదటి కాగితం కూడా బిల్లే.

కాగితం చేతికొస్తే అయిపోలేదు. అమ్మినవాళ్లు జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేస్తేనే మీ 2బీలో (మీకొచ్చే క్రెడిట్ చూపే జీఎస్టీ పట్టిక) పడ్తది. నెలనెలా వేసేవాళ్లకు గడువు తర్వాతి నెల 11, 2బీ వచ్చేది 14న. కొత్త షాపైతే పన్ను సొమ్ము 2బీలో కనబడ్డంక ఇస్తమని అడిగి చూడండి. ఒప్పుకునేవాళ్లు తక్కువే, అడిగితే పోయేదేం లేదు.

ఉద్దెర సంగతి: మాల్ 6 లక్షలు అనుకుంటే, దాని మీద 2 శాతం అంటే 12,000. అదే 6 లక్షలు ఏడాదికి 12 శాతం ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) మీద 21 రోజులు వాడితే వడ్డీ 4,140 చిల్లర. ఓడీ ఉంటే రొక్కమే కట్టండి. స్కూలు మూడు నెలలు నానబెట్టినా ఈ తేడా మారదు, 22వ రోజు నుంచి వడ్డీ రెండు దారుల్లోనూ పడేదే.

కరీంనగర్_బెంచ్
ఆ వెయ్యి తేడా ఎక్కడుందో మోడల్ నంబర్లతో రాయించుకుంటే బయటపడ్తది. ప్రాసెసర్ బాక్సా (కంపెనీ డబ్బాలో వచ్చేది) ట్రేనా (డబ్బా లేకుండ విడిగ వచ్చేది), ఎస్ఎస్‌డీ వారంటీ మూడేండ్లా ఐదేండ్లా, క్యాబినెట్‌తో వచ్చే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఏది అన్నయి చూడండి. మరీ చవక రేటు చెప్తే పాత మూడో, నాలుగో తరం ఐ5ను కొత్త క్యాబినెట్‌లో పెట్టిన్రేమో అడగండి. ఇంటెల్ 8వ తరం కంటే పాతవాటిని, ఏవో కొన్ని తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు, విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

20 మానిటర్లు రిటైల్ కౌంటర్‌లో కొనకండి. రెడింగ్టన్, రాశి లాంటి డిస్ట్రిబ్యూటర్ దగ్గర డీలర్ కోడ్ (డీలర్‌గ ఖాతా) తీసుకోండి. జీఎస్టీ సర్టిఫికెట్, పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు అడుగుతరు. స్కూలువాళ్లు బ్రాండెడ్ కావాలంటే స్కూలు పేరు మీద డీల్ రిజిస్ట్రేషన్ (ఈ ఆర్డర్ మీదని కంపెనీ దగ్గర నమోదు) ముందే చేయించండి. వేరే డీలర్ ముందుగా చేసుకుంటే స్పెషల్ రేటు మీకు రాదు.

హన్మకొండ_సిస్టమ్స్
ట్రేకు, బాక్సుకు ఒక్కోదానికి 700 తేడా చెప్తున్నరు. ట్రే తీసుకోవచ్చా?

కరీంనగర్_బెంచ్
ట్రేలో కూలర్ (ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాన్) రాదు. అది ఒక 400 పెట్టి కొంటే మిగిలేది 300. 20 సెట్లకు 6,000. దానికోసం ఇంటెల్ మూడేండ్ల వారంటీ వదులుకున్నట్టు. ట్రే చెడిపోతే చూడాల్సింది అమ్మినవాళ్లే. నేనైతే స్కూలుకు బాక్సే ఇస్త. ట్రేనే కావాలంటే వారంటీ ఎన్ని నెలలో, సీరియల్ నంబర్లతో సహా బిల్లు మీదే రాయించండి.

మదర్‌బోర్డుల సంగతి ఇంకోటి. కౌంటర్ మీదనే డబ్బా తెరిచి, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మూత తీసి, సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగ కొట్టి ఫొటో తీయండి. పిన్నులన్నీ ఒకే తీరుగ మెరవాలె. ఒక్కటి నల్లగనో పక్కకు వాలిందో కనిపిస్తే అక్కడే మార్చుకోండి. ఇంటికొచ్చినంక వంగిన పిన్ను చూపెడితే సర్వీస్ సెంటర్ వారంటీ ఇయ్యదు.

కాజీపేట_పార్సిల్
బిల్లు 50,000 దాటితే ఇ-వే బిల్లు (మాల్ బండిలో తెచ్చేటప్పుడు ఉండాల్సిన జీఎస్టీ కాగితం) ఉండాలె, దాని పార్ట్-బిలో బండి నంబరు ఎక్కాలె. 200 కిలోమీటర్ల వరకు ఒక రోజు చెల్లుతది, హన్మకొండకు అది చాలు. మానిటర్ డబ్బాలు నిలబెట్టే వేయించండి, పడుకోబెట్టి మీద క్యాబినెట్లు పేరిస్తే ప్యానెల్ పగుల్తది. మాల్ దిగంగనే ప్రతి ఎస్ఎస్‌డీని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూడండి. పవర్ ఆన్ అవర్స్ (నడిచిన గంటలు) వందల్లో ఉంటే అది వాడిన మాల్, విండోస్ ఎక్కించకుండ వెనక్కి పంపండి.