ఏ టైమ్‌టేబుల్ వేసినా పొద్దున గంటన్నర దగ్గరే దెబ్బతింటోంది, సింగిల్ మదర్స్ ఎవరైనా దారి చెప్పండి

చింతచిగురు:
రాత్రి పదకొండు నుంచి టైమ్‌టేబుల్ వేసుకుంటూ కూర్చున్నా, ఇప్పుడు రెండు దాటింది. ఫోన్‌లో వేశా, ఎక్సెల్‌లో వేశా, చివరికి పాప రఫ్ నోటు వెనక పేజీలో గీతలు కొట్టి వేశా. ఏది వేసినా పొద్దున ఆ గంటన్నర దగ్గరికి వచ్చేసరికి మొత్తం దెబ్బతింటోంది. పైగా ఈ వారానికి సరిపోయింది వచ్చే వారానికి పనికిరావడం లేదు. పాపను నేనొక్కదాన్నే చూసుకుంటున్నా, ఉద్యోగం మానేసే పరిస్థితి లేదు. యూట్యూబ్‌లో ‘వర్కింగ్ మదర్ మార్నింగ్ రొటీన్’ వీడియోలు కూడా చూశా. వాటిలో వాళ్ళకి బాల్కనీలో కూర్చుని కాఫీ తాగే తీరిక ఉంది, నాకు జడ వేసుకునే తీరిక లేదు. మీరంతా ఎలా నెట్టుకొస్తున్నారో చెప్పండి. ‘ఓపిక పట్టాలి’ అని మాత్రం అనకండి, ప్లీజ్.

గోదారిగట్టు:
అమ్మా, నేను ఇద్దరు పిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేసినదాన్ని. ముందు నాలుగున్నరకు లేవడం అలవాటు చేసుకో, సగం సమస్య తీరిపోతుంది. రాత్రే కూరగాయలు తరిగి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టుకో. బెండకాయలు మాత్రం తరగకు, జిగురొస్తుంది. శనివారం రాత్రి పిండి రుబ్బుకుంటే మంగళవారం దాకా ఇడ్లీ, ఆ తర్వాత పులిసిన పిండితో దోసెలు. కందిపొడి, కరివేపాకు పొడి సీసాల్లో ఉంటే కూర లేని రోజు కూడా పాప డబ్బాకి ఇబ్బంది ఉండదు. యూనిఫాం, సాక్సులు, బెల్టు, ఐడీ కార్డు రాత్రే ఒకచోట పెట్టాలి. పొద్దున వెతుక్కోవడంలోనే సగం టైమ్ పోతుంది.

లెక్కలసారు:
పాప వయసెంత? డ్యూటీ ఎన్నింటికి? ఏ ఊరు? ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?

సజ్జరొట్టె:
అసలు ఈ ఇడ్లీ, దోసెలే మన ఆడవాళ్ళ పొద్దుటి పూటను మింగేస్తున్నాయి. రుబ్బాలి, పులియబెట్టాలి, వాయి వాయికీ కాపలా కాయాలి, మళ్ళీ చట్నీ. రాత్రి రాగిపిండి నీళ్ళలో కలిపి ఉంచి, పొద్దున పది నిమిషాలు కాచి, చల్లారాక మజ్జిగ పోస్తే అంబలి. పాపకి బెల్లం వేసి జావలా ఇవ్వండి. రాగుల్లో కాల్షియం బియ్యంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మా ఇంట్లో ఉదయం పూట పెనం పెట్టడమే మానేశాం. పిల్లలు మొదట్లో మొహం చిట్లిస్తారు, పట్టించుకోకూడదు.

గోదారిగట్టు:
ఎదిగే పిల్లకి రోజూ అంబలేనా? రెండో రోజే డబ్బా తిరిగొస్తుంది.

సజ్జరొట్టె:
డబ్బాలోకి అనలేదండీ, టిఫిన్‌కి అన్నాను. చదివి మాట్లాడండి.

పెన్షనర్:
చిరంజీవి చింతచిగురు గారికి. మీకు చైల్డ్ కేర్ లీవ్ గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు మొత్తం సర్వీసులో 730 రోజులు ఉంటుంది. పిల్లలు 18 ఏళ్ళ లోపు వాళ్ళై ఉండాలి, పెద్ద పిల్లలు ఇద్దరికే వర్తిస్తుంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాతి 365 రోజులకు 80 శాతం. మామూలుగా ఏడాదికి మూడు విడతలే, సింగిల్ మదర్ అయితే ఆరు విడతలు పెట్టుకోవచ్చు. ఒక్కో విడత కనీసం 5 రోజులు ఉండాలి. మన తెలంగాణ ప్రభుత్వంలో 90 రోజులు. ఆంధ్రలో మొదట 60 ఉండేది, 2022లో 180 చేశారు. మహిళా టీచర్లయితే వీటితో సంబంధం లేకుండా ఏడాదికి 5 క్యాజువల్ లీవులు అదనం. మా ఆఫీసులో చాలామందికి ఈ సంగతి తెలియక హాఫ్ పే లీవులు వాడేసుకునేవారు. దరఖాస్తుతో పాటు పాప జనన ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

లెక్కలసారు:
ఆమె గవర్నమెంటు ఉద్యోగి అని ఎక్కడ చెప్పింది?

పెన్షనర్:
కాదని కూడా చెప్పలేదు కదా. ఎవరికో ఒకరికి ఉపయోగపడుతుంది.

చింతచిగురు:
నిద్రపోయి ఇప్పుడే చూశా. నేను స్టాఫ్ నర్సునండీ, చెప్పలేదా? ప్రైవేటు హాస్పిటల్. హైదరాబాదే, కొత్తపేటలో ఉంటా, హాస్పిటల్ అమీర్‌పేట వైపు. పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. అమ్మ ఖమ్మంలో ఉంటుంది, నాన్నకి డయాలసిస్ కాబట్టి రాలేదు. వంట నాకు సమస్య కాదు. పాప ఏది పెట్టినా తింటుంది, రాగిజావ కూడా తాగుతుంది. నాలుగున్నరకు లేస్తూనే ఉన్నా. మార్నింగ్ డ్యూటీ ఎనిమిదికి, రాత్రి డ్యూటీ వాళ్ళ దగ్గర హ్యాండోవర్ (పేషెంట్ల వివరాలు) తీసుకోవాలి కాబట్టి 7:45కి వార్డులో ఉండాలి. ఇంట్లో 6:30కే బయల్దేరాలి. స్కూలు వ్యాన్ 8:10కి వస్తుంది. మధ్యలో పాప ఎక్కడుండాలి? అదీ నా ప్రశ్న.

లెక్కలసారు:
ఇది మొదటే రాస్తే సరిపోయేది. మిగతా షిఫ్టులు?

చింతచిగురు:
వారం మార్నింగ్, వారం ఈవినింగ్ 2 నుంచి 8, వారం నైట్ 8 నుంచి 8. రోస్టర్ (డ్యూటీ షీటు) శనివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పడుతుంది. నైట్ ఉన్నప్పుడు పాప కింద ఓనర్ ఆంటీ వాళ్ళింట్లో పడుకుంటుంది, పొద్దున ఆవిడే వ్యాన్ ఎక్కిస్తుంది. మార్నింగ్ డ్యూటీకి కూడా ఆవిడనే అడగాలంటే మొహమాటంగా ఉంది. ఇప్పటికే నెలలో వారం రాత్రిళ్ళు చూస్తోంది.

సెక్షన్ఫార్టీఎయిట్:
మీ హాస్పిటల్లో 50 మంది కంటే ఎక్కువే ఉంటారు కదా? అయితే క్రెష్ (ఉద్యోగుల చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి. మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నియమం అది. 50 లేదా అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా క్రెష్ పెట్టాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు. ఫ్యాక్టరీలకైతే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్‌లోనే ఉండేది, 1976 నుంచి ముప్పై మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పనిచేసే చోట పెట్టాల్సి ఉండేది. నా పేరు కూడా ఆ సెక్షన్ నంబరే. కాగితం మీద రాసి హెచ్‌ఆర్‌కి ఇవ్వండి, నోటితో అడగొద్దు.

లెక్కలసారు:
ఫ్యాక్టరీల చట్టంలో ఆరేళ్ళ లోపు పిల్లలకే ఉండేది. క్రెష్‌లకి కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఆరు నెలల నుంచి ఆరేళ్ళే. పాపకి ఏడు.

సెక్షన్ఫార్టీఎయిట్:
నిజమే. కానీ అక్కడ క్రెష్ పెట్టించడం అవసరమా కాదా? వెనక వచ్చే నర్సులకైనా పనికొస్తుంది.

లెక్కలసారు:
అవసరమే. రేపు పొద్దున 6:30కి పనికిరాదు.

జగిత్యాల అక్క:
నాది కూడా ఇదే బాధ చెల్లీ. మా ఆయన దుబాయిల ఉంటడు, రెండేండ్లకోసారి వస్తడు. ఇద్దరు పిల్లలు, నేను బ్యాంకుల పనిచేస్త. నేను కూడా సింగిల్ మదర్ లెక్కనే.

సిరిమువ్వ:
తప్పుగా అనుకోకండి, మీది వేరు. మీకు నెలనెలా డబ్బులొస్తాయి. రాత్రి పాపకి జ్వరమొస్తే ఫోన్ చేసి ‘ఏం చేద్దాం’ అని అడగడానికి మనిషి ఉన్నాడు. స్కూలు ఫారంలో తండ్రి కాలమ్ దగ్గర పెన్ను ఆగదు. విడాకులైన నాలాంటి వాళ్ళది సింగిల్ మదర్ అంటే.

జగిత్యాల అక్క:
ఫోన్ల అడిగితే జ్వరం తగ్గుతదా అక్కా? పొద్దున పిల్లల్ని తయారు చేసేది నా రెండు చేతులే కదా.

పెన్షనర్:
చైల్డ్ కేర్ లీవు ఆరు విడతల నిబంధన భర్త విదేశాల్లో ఉన్నవారికి వర్తించదు. పెళ్ళికానివారు, భర్త చనిపోయినవారు, విడాకులు తీసుకున్నవారు మాత్రమే.

సిరిమువ్వ:
మరి విడిపోయి, కేసు ఇంకా కోర్టులో నడుస్తున్నవాళ్ళ సంగతి?

పెన్షనర్:
అది డిపార్ట్‌మెంట్‌ని బట్టి…

చింతచిగురు:
నా కేసూ కోర్టులోనే ఉంది. ఇప్పుడు అది వద్దండీ, దండం పెడతా. ఆ గంటన్నర సంగతి చెప్పండి.

మెట్రోమనిషి:
బస్సులో వెళ్తున్నారా? మీకు విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దగ్గర. రెడ్ లైన్‌లో మారకుండా అమీర్‌పేట వెళ్ళిపోవచ్చు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వైపు లైను తెరిచినప్పటి నుంచి నేను ఆ దారి వాడినే. పొద్దున బస్సుకు గంట పడితే దీనికి అరగంట పైన కొంచెం. 7:00కి బయల్దేరినా మీరు 7:45కి వార్డులో ఉంటారు.

చింతచిగురు:
బస్సు ఫ్రీ అండీ. మెట్రోకి నెలకు ఎంత అవుతుందో లెక్క వేశారా?

మెట్రోమనిషి:
జీరో టికెట్ ఉందని అరగంట రోడ్డు మీద పోగొట్టుకుంటే ఎలా? మార్నింగ్ వారం వెళ్ళేటప్పుడు మాత్రమే మెట్రో ఎక్కండి. వచ్చేటప్పుడు బస్సు, మిగతా వారాలు బస్సు. స్మార్ట్ కార్డ్ తీసుకోండి.

వార్డు అక్క:
నేను వరంగల్‌లో ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేసి రిటైరయ్యా, ముప్పై మందికి రోస్టర్ రాసిన చెయ్యి నాది. చింతచిగురూ, నువ్వు నీ టైమ్‌టేబుల్ దిద్దుకుంటూ కూర్చున్నావు, దిద్దాల్సింది డ్యూటీ షీటు. వారానికోసారి మారే డ్యూటీ మీద ఏ టైమ్‌టేబుల్ వేసినా వచ్చే వారానికి చెల్లదు. మొదట, రోస్టర్ నెలకోసారి ఇవ్వమని అడుగు. ఇన్‌ఛార్జికి కూడా అదే సుఖం, వారం వారం ఫోన్లు తగ్గుతాయి. రెండోది, మార్నింగ్ వద్దని నోటితో అనకు. ‘మార్నింగ్ వారం బదులు నైట్లు ఎక్కువ చేస్తాను’ అను. నైట్ ఎవరికీ వద్దు, మార్చుకునేవాళ్ళు నిన్ను వెతుక్కుంటూ వస్తారు. కానీ నైట్ తర్వాత పాప స్కూలుకి వెళ్ళగానే పడుకోవాలి, బట్టలు ఉతుకుతూ కూర్చున్నావంటే నెలలోనే మంచాన పడతావు. మూడోది, ఓపీడీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, క్వాలిటీ, ఇన్సూరెన్స్ డెస్క్ లాంటి చోట్ల సాధారణంగా జనరల్ డ్యూటీ (షిఫ్టులు మారకుండా పగటి పూటే) ఉంటుంది. ఖాళీ వచ్చినప్పుడు తెలుసుకుందాంలే అనుకోకు, ఇప్పుడే నర్సింగ్ సూపరింటెండెంట్‌కి లెటర్ ఇచ్చి పెట్టు. డయాలసిస్ యూనిట్‌కి మాత్రం వెళ్ళకు, అక్కడ మొదటి షిఫ్టు ఇంకా పొద్దున్నే మొదలవుతుంది.
ఓనర్ ఆంటీ సంగతి కూడా చెప్తా. మొహమాటం ఎందుకు? ఆవిడకి నెలకింత అని మాట్లాడుకో. ఊరికే చేయించుకుంటేనే మొహమాటం, డబ్బులిస్తే నువ్వే ధైర్యంగా ‘రేపు ఏడింటికి వస్తుంది’ అని చెప్పగలవు.

సిరిమువ్వ:
డబ్బులిస్తే ఆవిడ నొచ్చుకుంటే?

వార్డు అక్క:
‘మీకు’ అని ఇస్తే నొచ్చుకుంటుంది. ‘పాప టిఫిన్‌కి’ అని ఇస్తే నొచ్చుకోదు.

గోదారిగట్టు:
లేదంటే నెలకో పట్టుచీర… సరే, నెలకొద్దులే.

లెక్కలసారు:
ఈవినింగ్ వారం?

చింతచిగురు:
పాప నాలుగింటికి వస్తుంది, నేను తొమ్మిదికి. అదింకా కష్టం. ఇప్పటికి ట్యూషన్‌లో కూర్చోబెడుతున్నా, వాళ్ళు ఏడింటికి వదిలేస్తారు.

కొత్తపేట కోడలు:
మన ఏరియాలో స్కూలు దగ్గరే ఎక్కించుకుని తీసుకెళ్ళే డే కేర్లు ఉన్నాయి. మా బాబు వెళ్ళేది ఎనిమిదిన్నర దాకా, ఆలస్యమైతే గంటకి ఇంత అని తీసుకుంటారు. నెలంతా కట్టక్కర్లేదు, వారం వారం కట్టించుకునేవాళ్ళూ ఉంటారు, అడగాలి. చేర్చే ముందు ఓ సాయంత్రం చెప్పకుండా వెళ్ళి చూడండి, టీవీ ముందు కూర్చోబెట్టారా లేదా తెలుస్తుంది. పాపను తీసుకెళ్ళడానికి ఎవరెవరు రావచ్చో పేర్లు రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. కేసు నడుస్తోంది అన్నారు కాబట్టి అది మరీ ముఖ్యం.

సెక్షన్ఫార్టీఎయిట్:
ఆ కాగితం కాపీ ఒకటి స్కూల్లో, ఒకటి వ్యాన్ డ్రైవర్ దగ్గర కూడా ఉండాలి. పాప మీ దగ్గరే ఉండాలని కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఏమైనా ఇచ్చి ఉంటే దాని కాపీ కూడా ప్రిన్సిపాల్‌కి ఇవ్వండి.

సజ్జరొట్టె:
డే కేర్‌లో బిస్కెట్లు, చిప్స్ పెడతారు జాగ్రత్త. వేయించిన సెనగలు, బెల్లం ఉండ మీరే పంపండి.

మెట్రోమనిషి:
కార్డ్ తీసుకున్నారా మరి?

చింతచిగురు:
థాంక్స్ అండీ అందరికీ. ఇన్‌ఛార్జి నెల రోస్టర్‌కి సరే అంది. ఓపీడీకి ఇప్పుడు ఖాళీ లేదంది, లెటర్ మాత్రం తీసుకుంది. ఆంటీతో మాట్లాడా, డబ్బుల మాట ఎత్తితే కొంచెం గునిసింది గానీ తీసుకుంది. ఈవినింగ్ వారం ఇంకా తేలలేదు, డే కేర్ ఆదివారం చూస్తా. డ్యూటీకి టైమవుతోంది.

జగిత్యాల అక్క:
స్కూల్ దగ్గర ఎక్కించుకునే డే కేర్లు మా జగిత్యాలల ఏమన్న ఉన్నయా? ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.