పైలట్ ట్రైనింగ్‌కి పోయే పిల్లోడి పేరున పాలసీ తీయాలా? ఇంట్లో గొడవ తెగట్లేదు, మీరేమంటారు

తోతాపురి_అక్క (బంగారుపాళ్యం):
మా తమ్ముడు ఎంపీసీ పూర్తి చేశాడు, పైలట్ అవుతానని పట్టుబట్టి కూర్చున్నాడు. ట్రైనింగ్ మొదలుపెట్టడానికి కావాల్సిన డాక్టరీ పరీక్ష, క్లాస్ 2 మెడికల్, అయిపోయింది. లైసెన్సుకు కావాల్సిన పెద్ద పరీక్ష క్లాస్ 1కి బెంగళూరు పోవాలి. ఫీజు, హాస్టల్, పరీక్షలు అన్నీ కలిపితే 50 లక్షలు దాటుతోంది. అందులో 35 లక్షలు బ్యాంకు లోను, మామిడితోట తాకట్టు, నాన్న కో-అప్లికెంట్. నాన్నకు 52 ఏళ్లు. 2025లో తోతాపురి ధర ఎలా పడిపోయిందో మీకు చెప్పాల్సిన పని లేదు, కిలోకి 12 రూపాయలని ప్రకటించినా అందులో ఫ్యాక్టరీ వాటా 8, మిగతా 4 ప్రభుత్వం వేస్తుందని ఎదురుచూశాం. అలాంటి తోట మీద ఈ అప్పు.

ఇప్పుడు బ్యాంకువాళ్లు లోనుకు ఇన్సూరెన్స్ తీసుకోమంటున్నారు. చుట్టాల్లో ఒకాయన ఏజెంటు, వేరే టర్మ్ పాలసీ (గడువులోపల చనిపోతేనే డబ్బు వచ్చేది) తీసుకోండి, ఫారంలో స్టూడెంట్ అని రాస్తే చాలు, పైలట్ ట్రైనింగ్ మాట ఎత్తొద్దు, ఎత్తితే ప్రీమియం పెంచుతారు అంటున్నాడు. అమ్మేమో బిడ్డ ఇంకా విమానం ఎక్కకముందే చావు పాలసీ ఏంది అని ఏడుస్తోంది. తీయాలా వద్దా, తీస్తే ఏది తీయాలి, తెలిసినవాళ్లు చెప్పండి.

బైరాగిపట్టెడ_రాజు:
నా మాటైతే వద్దు. ఇన్సూరెన్స్ అనేది సంపాదించేవాడి పేరున తీయాలి, వాడు పోతే ఆ సంపాదన లోటు తీరడానికి. మీ తమ్ముడికి పెళ్లాం లేదు, పిల్లలు లేరు, జీతం లేదు. ట్రైనింగ్ విమానాల్లో పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడు, ఒంటరిగా పంపేది వాళ్లకు నమ్మకం కుదిరాకే. మన అలిపిరి బైపాస్‌లో రాత్రిపూట బైక్ మీద పోవడం కంటే అదే నయం. ఆ ప్రీమియం డబ్బు ఎఫ్‌డీలో వేసుకోండి, రేపు పరీక్ష ఫీజులకు, మెడికల్ రెన్యువల్‌కు పనికొస్తుంది.

సెస్నా_కుర్రోడు (తిరుపతి, ప్రస్తుతం ఉత్తరాదిలో ట్రైనింగ్):
రాజన్నా, పెళ్లాం పిల్లలు లేరు సరే, 35 లక్షల అప్పు ఉంది కదా. వీడు లేకపోతే బ్యాంకు వచ్చేది వాళ్ల నాన్న దగ్గరికే, తోట మీదికే. మా ఇంట్లో కూడా ఇదే మాట నడిచింది. నేను అమ్మకు చెప్పింది ఒకటే, ఇది నా గురించి కాదమ్మా, ఇంటి పత్రాలు బ్యాంకులో ఉన్నాయి వాటి గురించి అని. ఆ మాటతో ఆమె మెత్తబడింది.

ఇంకో సంగతి అక్కా, సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, 200 గంటలు ఎగరాలి, అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా. అంటే సగం గంటల్లో విమానం బాధ్యత పూర్తిగా కుర్రోడిదే. భయపెట్టడానికి చెప్పడం లేదు, పక్కన ఎప్పుడూ ఎవరో ఉంటారనే లెక్క తప్పు అంటున్నా.

కొంగారెడ్డిపల్లె_బీమా:
చాలా ఏళ్లుగా చిత్తూరులో ఏజెంటుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నా, ఎవరి పాలసీనీ అమ్మడానికి కాదు.

అమ్మా, ముందు మీ చుట్టం చెప్పిన మాట పక్కన పెట్టండి. ప్రపోజల్ ఫారంలో ఉండేది వృత్తి ఏమిటనే గడి ఒక్కటే కాదు. టికెట్టు కొనుక్కున్న ప్రయాణికుడిగా కాకుండా ఇంకేవిధంగానైనా విమానంలో ఎగురుతున్నారా, ఎగరాలనుకుంటున్నారా అని విడిగా ఒక ప్రశ్న ఉంటుంది. దాని పక్కన అవును, కాదు అని రెండు గడులు. అక్కడ ‘కాదు’ మీద టిక్కు పెట్టి కింద సంతకం పెట్టేది మీ తమ్ముడు, ఏజెంటు కాదు.

‘అవును’ అంటే ఏమవుతుంది? ఏవియేషన్ ప్రశ్నావళి అని ఇంకో కాగితం ఇస్తారు. ఏ విమానం, ఎన్ని గంటలు, ఏ లైసెన్సు, ఏ స్కూలు అని. అది చూసి కంపెనీ మామూలు ప్రీమియానికే ఇవ్వొచ్చు, వెయ్యికి ఇంత అని ఎక్స్‌ట్రా వేయొచ్చు, ఎగిరేటప్పుడు పోతే ఇవ్వం అని షరతు పెట్టి ఇవ్వొచ్చు, లేదా ట్రైనింగ్ అయ్యాక రండి అనొచ్చు. కంపెనీకో తీరు, అందుకే రెండు మూడు చోట్ల అడగాలి. షరతు పెట్టి ఇచ్చేది మాత్రం మీకు అక్కర్లేదు, దేని కోసం తీస్తున్నారో అదే అందులో లేదు.

ఇక యాక్సిడెంట్ రైడర్లు (పాలసీకి అదనంగా తగిలించే ప్రమాద కవర్లు), పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు. వీటిలో సాధారణంగా ప్రయాణికుడిగా తప్ప విమానంలో జరిగిన ప్రమాదానికి డబ్బు రాదని రాసే ఉంటుంది. 50 లక్షల టర్మ్, దానిపైన 50 లక్షల యాక్సిడెంట్ రైడర్, మొత్తం కోటి అని లెక్క చెప్పేవాళ్లను నేను చూశాను. పైలట్ కుర్రోడికి ఆ రెండో 50 విమానం ఎక్కిన క్షణం లేనట్టే.

గ్రీమ్స్‌పేట_మూర్తి:
బీమా గారు మరీ భయపెడుతున్నారు. మూడేళ్లు దాటాక ఏ కంపెనీ కూడా పాలసీని ప్రశ్నించలేదని చట్టమే ఉంది, 45వ సెక్షన్. కొద్దిగా అణిగిమణిగి మూడేళ్లు కట్టుకుంటే అయిపోయె. లక్షలమంది ఫారంలో సిగరెట్టు అలవాటు రాయరు, వాళ్లందరి క్లెయిములూ ఆగిపోతున్నాయా?

కొంగారెడ్డిపల్లె_బీమా:
మూర్తి గారూ, సెక్షన్ ఉంది, నిజమే. ఇన్సూరెన్స్ చట్టం 1938లోది, 2015 సవరణ తర్వాత మోసం పేరు చెప్పి కూడా మూడేళ్ల తర్వాత పాలసీని కదపలేరు. కానీ ఈ అబ్బాయి విషయంలో ఆ మూడేళ్లు ఏ మూడేళ్లో చూడండి. ఇవాళ పాలసీ తీస్తే వాడు 200 గంటలు ఎగిరేది, సోలో చేసేది, లైసెన్సు తెచ్చుకునేది అంతా ఆ మూడేళ్ల లోపలే. అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే కంపెనీకి కాదనే హక్కు ఉంటుంది. క్లెయిము వచ్చినప్పుడు పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రికార్డులో స్టూడెంట్ పైలట్ లైసెన్సు తేదీ కనబడదా? మెడికల్ చేయించుకున్న తేదీ కనబడదా? కావాలని దాచారని తేలితే కట్టిన ప్రీమియం కూడా తిరిగి రాదు. ఇంకోటి, మధ్యలో కట్టలేక పాలసీ ల్యాప్స్ అయ్యి మళ్లీ పునరుద్ధరిస్తే మూడేళ్ల లెక్క అక్కడినుంచి మళ్లీ మొదలు. మామిడి ఆదాయం మీద ఆధారపడిన ఇంట్లో ఒక ఏడాది తప్పడం పెద్ద వింత కాదు.

మీరు ఇచ్చే సలహాకు రేపు పోలీసు కాగితాలు, స్కూలు కాగితాలు పట్టుకుని తిరిగేది ఆ తండ్రి. దయచేసి ఇలాంటివి చెప్పొద్దు.

రేణిగుంట_రన్‌వే:
నేను ఇప్పుడు ఎయిర్‌లైన్లో ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. అందరూ చావు గురించే మాట్లాడుతున్నారు. మా బ్యాచ్‌లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చనిపోయినవాళ్లు కాదు, మెడికల్ పోయినవాళ్లు. ఒకడికి సగం ఫీజు కట్టాక క్లాస్ 1లో గుండె పరీక్ష దగ్గర ఆపారు, ఇంకా పరీక్షలు చేయించుకు రమ్మన్నారు, నెలలు గడిచాయి, ఈలోపల లోను వడ్డీ ఆగలేదు. దానికి ఏ టర్మ్ పాలసీ పైసా ఇవ్వదు, బతికే ఉన్నాడు కదా. లాస్ ఆఫ్ లైసెన్స్ అనే కవర్ ఒకటి ఉంది, మెడికల్ పోతే డబ్బు ఇస్తుంది, కానీ మన దగ్గర అది మామూలుగా ఎయిర్‌లైన్ ఉద్యోగంతోపాటు వచ్చేది. నేర్చుకునే కుర్రోడికి దొరకడం చాలా కష్టం.

కాబట్టి అక్కా, క్లాస్ 1 చేతికి వచ్చేదాకా స్కూలుకు పెద్ద మొత్తం కట్టొద్దు. అది వచ్చాక కూడా ఒకేసారి అంతా కట్టొద్దు, గంటల లెక్కన విడతలుగా కడతామని రాయించుకోండి. నేను చదివిన చోట ముందే మొత్తం తీసుకుని, విమానాలు రిపేరులో ఉన్నాయని మమ్మల్ని నెలల తరబడి కూర్చోబెట్టారు. నేను బీమాకు వ్యతిరేకం కాదు, కానీ మీ డబ్బు జాగ్రత్తగా ఉండాలంటే పాలసీ కంటే ముందు ఈ రెండూ.

ఫ్లోరిడా_శ్రీకాళహస్తి:
అమెరికాలో నేర్చుకునేవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఇక్కడ విమానానికి స్కూలు ఇన్సూరెన్స్ ఉంటుంది, కానీ అది స్కూలును కాపాడేది. దెబ్బతింటే డిడక్టబుల్, అంటే నష్టంలో ఇన్సూరెన్స్ ఇవ్వని మొదటి భాగం, మనమే కట్టాలని చేరేటప్పుడు పెట్టించుకునే సంతకాల్లో ఉంటుంది, ఒక్కోసారి వాళ్ల ఇన్సూరెన్స్ కంపెనీ స్కూలుకు డబ్బిచ్చేసి మన వెంట పడొచ్చు కూడా. అందుకే అద్దె విమానం నడిపేవాళ్ల కోసం ఉండే రెంటర్స్ పాలసీ అని విడిగా తీసుకుంటాం. ఇండియాలో కూడా అగ్రిమెంటులో విమానానికి నష్టం జరిగితే ఎవరు భరించాలో ఏం రాశారో చదివి సంతకం పెట్టండి. అలాగే స్టూడెంట్లకు గ్రూప్ యాక్సిడెంట్ కవర్ ఉందా, ఉంటే ఎగిరేటప్పుడు వర్తిస్తుందా అని మెయిల్లో అడిగి, జవాబు మెయిల్లోనే తెప్పించుకోండి. నోటిమాట వద్దు.

బైరాగిపట్టెడ_రాజు:
రన్‌వే అన్న చెప్పింది నా మాటకు బలమే కదా. జరిగే అవకాశం ఎక్కువున్న నష్టానికి పాలసీయే లేదు, తక్కువున్న దానికి మాత్రం కట్టాలి. అదే డబ్బు చేతిలో ఉంటే రెండింటికీ పనికొస్తుంది.

సెస్నా_కుర్రోడు:
అన్నా, ఏడాది ప్రీమియం ఎఫ్‌డీలో వేస్తే 35 లక్షల అప్పు తీరుతుందా? చిన్న నష్టానికి ఎఫ్‌డీ, తోటనే తినేసే నష్టానికి పాలసీ. రెండూ ఒకే గాటన కట్టొద్దు.

తోతాపురి_అక్క:
అందరికీ థ్యాంక్స్. బ్యాంకు ఇచ్చిన లోను ఇన్సూరెన్స్ కాగితం ఇవాళ తెప్పించి చదివాను. పాలసీ తమ్ముడి పేరున ఉంది. ప్రీమియం ఒకేసారి లోనులో కలుపుతారట. వెనక పేజీలో ఒక టేబుల్, మొదటి ఏడు 35 లక్షలు, తర్వాత ఏడాదికేడాది తగ్గుకుంటూ పోతోంది. విమానం గురించి ఒక లైను ఉంది, ప్రయాణికుడిగా తప్ప వర్తించదనే అర్థం వచ్చేలా.

కొంగారెడ్డిపల్లె_బీమా:
ఆ ఒక్క లైనుతో ఈ అబ్బాయికి అది సగం పనికిరాని పాలసీ అయింది. టేబుల్ సంగతి ఇంకా ముఖ్యం. ట్రైనింగ్ సాగినన్ని రోజులు, ఆ తర్వాత ఇంకొంతకాలం మీరు ఈఎంఐ కట్టరు, వడ్డీ కలుస్తూ అప్పు పెరుగుతుంది. కవర్ మాత్రం మొదటి ఏడాది నుంచే తగ్గుతోంది. అప్పు పైకి, కవర్ కిందికి. ఏడాదికేడాది తగ్గకుండా ఒకేలా ఉండే లెవల్ కవర్ ఉందా అని అడగండి. ప్రీమియం లోనులో కలిపితే దానిమీద కూడా వడ్డీ పడుతుంది. ఇంకా, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్ పాలసీలకు జీఎస్టీ తీసేశారు, బ్యాంకులు ఇచ్చే గ్రూప్ పాలసీలకు అది వర్తించదు. మా దగ్గరే తీసుకోవాలని బ్యాంకు బలవంతం చేయకూడదు. సంతకం పెట్టేసినా 30 రోజుల ఫ్రీ లుక్ ఉంటుంది, వద్దని రాసి ఇవ్వొచ్చు.

ఇప్పుడు అసలు మాట. నేనైతే మీ నాన్న పాలసీ దగ్గర మొదలుపెడతాను. రేపు ట్రైనింగ్ మధ్యలో ఆయనకు ఏదన్నా అయితే మిగతా ఫీజు ఎవరు కడతారు? వడ్డీ ఎవరు కడతారు? పిల్లోడు సగం గంటలతో ఇంటికి వస్తాడు, లైసెన్సు లేదు, తోట ఉండదు. ఈ ట్రైనింగ్ ఎవరి చెమట మీద నడుస్తోందో ఆయనకే కవర్ లేదు ఇంట్లో. సంపాదన లేని విద్యార్థికి పెద్ద కవర్ ఇచ్చేముందు కంపెనీ కూడా తల్లిదండ్రుల ఆదాయం ఎంత, వాళ్ల పేరున ఎంత పాలసీ ఉంది అనే చూస్తుంది.

మదనపల్లె_వాణి:
మంచి మాట. కానీ రైతుకు టర్మ్ ఇవ్వడానికి కంపెనీలు ఐటీ రిటర్న్ అడుగుతాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదని మనవాళ్లు ఫైల్ చేయరు. మా అన్నకు అక్కడే ఆగిపోయింది. అక్కా, నాన్నకు షుగర్ గానీ బీపీ గానీ ఉందా?

తోతాపురి_అక్క:
షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు. రిటర్న్ ఎప్పుడూ వేయలేదు. కానీ తోటతోపాటు ఆయనకు ఊళ్లో ఎరువుల షాపు ఉంది, జీఎస్టీ కడతారు.

కొంగారెడ్డిపల్లె_బీమా:
షాపు ఉంటే దారి ఉంది. ఆడిటర్ దగ్గరికి పోయి షాపు ఆదాయానికి రిటర్న్ వేయించండి, వ్యవసాయ ఆదాయం కూడా అందులో చూపించండి. షుగర్ ఉందని ఫారంలో రాయండి, మందు పేరుతో సహా, తాజా రక్త పరీక్ష జతచేసి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. కోటి అక్కర్లేదు, అప్పు ఎంతో అంత, అప్పు తీరే ఏడు వరకు చాలు. అబ్బాయికి విమానం సంగతి మొత్తం రాసి, ఏ షరతూ లేకుండా ఎంత కవర్ ఇస్తే అంత తీసుకోండి. ఈలోగా 18 నిండి ఉంటే బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల ప్రభుత్వ బీమా పథకం జీవన్ జ్యోతి పెట్టించండి, 2 లక్షలే అయినా ఏదో ఒకటి ఉంటుంది. అందులో చేరడానికి 50 దాటకూడదు, కాబట్టి నాన్నకు కుదరదు.

బైరాగిపట్టెడ_రాజు:
నాన్న పేరున అంటే నేను ఒప్పుకుంటా. పిల్లోడి పేరున ఎక్స్‌ట్రా కట్టి తీయడం మాత్రం ఇప్పటికీ దండగే అంటాను.

రేణిగుంట_రన్‌వే:
ఎక్స్‌ట్రా ఎంత వేస్తారో తెలియకుండా దండగ అని ఎలా అంటాం రాజూ? రెండు చోట్ల రాతపూర్వకంగా అడగనివ్వు. ఉద్యోగం వచ్చాక ఆ ఎక్స్‌ట్రా తగ్గిస్తారా అని కూడా అడగండి అక్కా, కొన్ని కంపెనీలు మళ్లీ చూస్తాయి.

తోతాపురి_అక్క:
అమ్మకు సెస్నా తమ్ముడి మాట చదివి వినిపించాను. పిల్లోడి పాలసీకి ఇంకా ఒప్పుకోలేదు గానీ నాన్న పాలసీకి సరే అంది. సోమవారం ఆడిటర్ దగ్గరికి పోతున్నాం. బ్యాంకు కాగితం మీద సంతకం పెట్టలేదు. క్లాస్ 1 అయ్యేదాకా స్కూలుకు అడ్వాన్స్ కూడా ఆపమన్నాను, తమ్ముడు అలిగాడు.

సెస్నా_కుర్రోడు:
అలగనివ్వక్కా. మెడికల్‌కి పోయేముందు రాత్రి బాగా నిద్రపొమ్మని చెప్పు, అక్కడ బీపీ ఎక్కువ చూపిస్తే మళ్లీ తిప్పుతారు.