అప్‌డేట్: పది 800 మీటర్ల పరుగులూ పూర్తయ్యాయి

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కోసం యాసో 800లు (మారథాన్ ఎన్ని గంటల్లో పూర్తి చేయాలనుకుంటే ఒక్కో 800 మీటర్లనూ అన్ని నిమిషాల్లో, మధ్యలో మెల్లగా జాగింగ్ చేస్తూ, పదిసార్లు పరిగెత్తే సాధన) చేస్తుంటే సగంలోనే కాళ్లు మొరాయిస్తున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. నా లక్ష్యం 4 గంటలు కాబట్టి ఒక్కో 800 మీటర్లూ 4 నిమిషాల్లో, అలా పది.

మీరు చెప్పినట్టే మొదటి రెండూ కావాలనే కాస్త నిదానంగా పరిగెత్తాను. మధ్యలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోకుండా మెల్లగా జాగింగ్ చేశాను. ఏడోది మాత్రం నరకమే! ఉక్కపోతకి టీషర్ట్ ఒంటికి అతుక్కుపోయింది, మలుపులో పిక్క పట్టేస్తుందేమోనని ఒకటే టెన్షన్. వాచ్ చూడటం మానేసి, ఎదురుగా కనిపించే గీత దాకా, ఆ తర్వాత ఇంకో గీత దాకా అనుకుంటూ లాగించాను. పదోది 3:56!

అంతమాత్రాన 4 గంటలు ఖాయమని నమ్మను. మారథాన్ దారిలో వచ్చే ఆ ఫ్లైఓవర్లు ఎక్కడం వేరే సంగతి. ఉప్పేసిన మజ్జిగ సలహా ఇచ్చినవారికి మాత్రం ప్రత్యేకంగా థ్యాంక్స్.