మందు రిసెప్టర్‌ను ఎంత ఎక్కువసేపు పట్టుకుంటే అంత మంచిదా?

ఎం.ఫార్మసీ విద్యార్థి, హన్మకొండ:
మా బాపు చాలా ఏళ్లు మిర్చి బస్తాలు మోశాడు. ఇప్పుడు సీవోపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు. మొదట్లో ఇప్రాట్రోపియం రోజుకు నాలుగుసార్లు పీల్చేవాడు. ఇప్పుడు టియోట్రోపియం, పొద్దున ఒక్కసారే. రెండూ ఊపిరి గొట్టాల్లోని ఎం3 అనే రిసెప్టర్‌నే (కణం మీద మందు వచ్చి పట్టుకునే చోటు) అడ్డుకుంటాయి. తేడా పట్టులో ఉంది. 1993 నాటి కొలతల ప్రకారం రిసెప్టర్ మీద కూర్చున్న ఇప్రాట్రోపియంలో సగం 16 నిమిషాల్లో వదిలేస్తుంది, టియోట్రోపియంకు దాదాపు 35 గంటలు పడుతుంది. అఫినిటీ అంటే మందుకు రిసెప్టర్ మీద ఉండే మొత్తం పట్టు. దాన్ని కొలిచేది, మందు రిసెప్టర్‌ను వదిలి దిగే వేగాన్ని దాని మీదికి ఎక్కే వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్యతో, అంతే; ఆ సంఖ్య ఎంత చిన్నదైతే పట్టు అంత ఎక్కువ. రెండు మందుల అఫినిటీ ఒకటే అయినా ఒకటి అతుక్కుని ఉండొచ్చు, ఇంకోటి వచ్చి పోతుండొచ్చు. కోప్లాండ్ అనే శాస్త్రవేత్త బృందం 2006లోనే రెసిడెన్స్ టైమ్, అంటే మందు రిసెప్టర్ మీద ఉండే కాలం, చూడమని చెప్పింది. కొత్త మందు వెతికేటప్పుడు ముందు చూడాల్సింది అదే అని నా వాదన.

ఫార్మకాలజీ టీచర్, కాజీపేట:
తమ్ముడూ, బాపు బాగుండాలి. కానీ వాదన ఒప్పుకోను. మన కాజీపేట ప్యాసింజర్ ఎక్కి చూడు. పెట్టె కిక్కిరిసి ఉన్నంతసేపు సీటు ఖాళీగా ఉండదు, ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. కూర్చున్నవాళ్లు పది నిమిషాలకు లేచారా, గంటకు లేచారా అన్నది జనం పలచబడ్డాకే తెలుస్తుంది. మందూ అంతే. రక్తంలో మందు ఉన్నంతసేపు రిసెప్టర్ నిండే ఉంటుంది. డాల్, ఆకెరూడ్ అనే పరిశోధకులు 2013లో లెక్క కట్టి చూపించింది ఇదే: మందు శరీరం నుంచి పోవడం రిసెప్టర్‌ను వదలడం కంటే నిదానమైతే, రెసిడెన్స్ టైమ్ వల్ల మందు పనిచేసే కాలం పెద్దగా పెరగదు. బీపీ మందు అమ్లోడిపిన్ రోజుకు ఒక్కటి చాలడానికి ముఖ్య కారణం రక్తంలో దాని హాఫ్ లైఫ్ (మందు సగానికి తగ్గే కాలం) 30 నుంచి 50 గంటలు ఉండడం.

ఇంకో మాట. 35 గంటలన్నది ల్యాబ్ కొలత. 2012లో శరీరంలోని ఉప్పు, వేడి పరిస్థితులకు దగ్గరగా కొలిస్తే టియోట్రోపియంకు వచ్చింది సుమారు 46 నిమిషాలు. అదే జబ్బుకు వాడే గ్లైకోపైరోనియంకు 11 నిమిషాలే. అయినా యూరప్‌లో దాన్ని కూడా రోజుకు ఒక్కసారే ఇస్తారు.

మెడికల్ షాపు, నర్సంపేట:
సార్, మరి కడుపు మంటకు వాడే ఒమెప్రజోల్ సంగతి? రక్తంలో దాని హాఫ్ లైఫ్ గంట అటూ ఇటూ అని చదివాను. పరగడుపున ఒక్క గోళీ వేసుకుంటే ఆ రోజంతా మంట తగ్గుతుంది.

ఫార్మకాలజీ టీచర్, కాజీపేట:
మంచి ప్రశ్న అన్నా. అక్కడ తమ్ముడి మాటే నెగ్గుతుంది. ఒమెప్రజోల్ కడుపులో యాసిడ్ పంపును గట్టి రసాయన బంధంతో పట్టుకుంటుంది. రక్తంలో మందు అయిపోయినా పట్టు పోదు, చాలామటుకు కొత్త పంపులు తయారవ్వాల్సిందే. జనం దిగిపోయినా సీటు వదలని మనిషి అన్నమాట.

మానసిక విభాగం నర్సు, కరీంనగర్:
ఒక్క మాట చెప్పాలి. గట్టి పట్టు వల్ల కీడు కూడా ఉండొచ్చని మీరిద్దరూ అనలేదు. మానసిక జబ్బుకు హలోపెరిడాల్ వాడేవాళ్ల చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం నేను రోజూ చూస్తాను. అదే కోవకు చెందిన క్వెటియాపిన్, క్లోజాపిన్ వాడేవాళ్లలో అది బాగా తక్కువ. ఇవి మెదడులోని డీ2 రిసెప్టర్‌ను త్వరగా వదిలేస్తాయి కాబట్టే మెదడు సొంత రసాయనం డోపమైన్‌కు చోటు దొరుకుతుందని కపూర్, సీమన్ అనే పరిశోధకులు 2001లో అన్నారు. 2017లో ఇంకో బృందం వణుకుకు సంబంధం దిగే వేగంతో కంటే ఎక్కే వేగంతో ఎక్కువ ఉందని చూపింది. వదిలిన మందు అక్కడే మళ్లీ మళ్లీ ఎక్కుతుందట. ఎవరిది నిజమైనా, ఆ మనిషి గ్లాసు పట్టుకుని నీళ్లు తాగగలగాలి కదా.

ఎం.ఫార్మసీ విద్యార్థి, హన్మకొండ:
అక్కా, ఎక్కే వేగం గురించి నేను ఆలోచించనే లేదు. సార్, 46 నిమిషాల సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు; అంత పట్టుతోనే రోజంతా ఎలా పనిచేస్తుంది? టియోట్రోపియం ఊపిరితిత్తుల్లోనే నిలిచి, నిదానంగా రిసెప్టర్ దాకా వస్తోందంటే, నా ప్రాజెక్టులో రిసెప్టర్ ఒక్కదాన్నే కొలిస్తే సరిపోదు. కణజాలంలో మందు ఎంతసేపు ఉంటుందో కూడా కొలుస్తాను. మా గైడ్‌ను రేపే అడుగుతాను.