రూటుకు బండి ‘కేటాయించారా’, ‘వేశారా’?

పోర్చుగల్‌లోని లిస్బన్ ట్రాముల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. "కొండ దారులకు చిన్న ట్రాములు కేటాయించబడ్డాయి" అని రాశాను. తప్పు లేదు గానీ కలెక్టరాఫీసు కాగితంలా ఉంది. ఇంకో మాట చెప్పండి.

సంగతి ఇదీ. అక్కడ కారిస్ అనే కంపెనీ 1901 నుంచి కరెంటు ట్రాములు నడుపుతోంది. పట్టాల మధ్య వెడల్పు 900 మిల్లీమీటర్లే. 28వ నంబరు గ్రాసా, అల్ఫామా పేటల మీదుగా పోతుంది. అంతా ఎక్కుడూ దిగుడూ, సందుల్లో మెలికలు. కొన్నిచోట్ల ట్రాము వస్తుంటే నడిచేవాళ్లు గుమ్మాల్లోకి ఒదగాల్సిందే. ఒంటి వరస పట్టాలున్న చోట ఎదుటి బండి వచ్చేదాకా లైటు చూసి ఆగాలి. అందుకని అక్కడ నాలుగు చక్రాల పొట్టి బండ్లు. పైన పెట్టె పాతకాలందే, కింద మోటార్లు మాత్రం 1990లలో కొత్తవి బిగించారు. నది ఒడ్డున బెలేం వైపు వెళ్లే 15వ నంబరు చదును దారి. దాని మీద 1990లలోనే వచ్చిన పొడవాటి అతుకుల ట్రాములు (పెట్టెలను కీళ్లతో కలిపినవి, ఇంగ్లీషులో articulated) తిరుగుతాయి. దాదాపు 24 మీటర్లు. అవి 28 మీదికి పోతే ఏ మలుపులోనో ఇరుక్కుంటాయి.

మొదటి జవాబు:
‘వేశారు’ అనండి. "మా ఊరికి బస్సు వేశారు" అంటామే గానీ కేటాయించారంటామా? మా ఊళ్లో రావిచెట్టు మలుపు దగ్గర పెద్ద బస్సు ఒక్కసారిలో తిరిగేది కాదు. కండక్టరు దిగి విజిల్ ఊదుతూ "రానీ, రానీ... హోల్డాన్!" అంటే డ్రైవరు రెండుసార్లు రివర్సు తీసేవాడు. తర్వాత పొట్టి బస్సు ‘వేశారు’. లిస్బన్‌లో జరిగింది కూడా అదే కదండీ.

రెండో జవాబు:
ఒప్పుకుంటాను, చిన్న పేచీతో. బస్సు వేశారంటే ముందు కొత్త సర్వీసు మొదలైందనే వినిపిస్తుంది. పొద్దున్నే డిపోలో ఏ బండి ఏ రూటుకో చెప్పడం ‘పంపడం’. ఫలానా రూటులో ఫలానా రకం రోజూ నడవడం ‘తిప్పడం’. ‘కేటాయించు’ను మరీ తోసెయ్యకండి. హెడ్డాఫీసు ఒక డిపోకి ఇన్ని బండ్లని పంచితే అది కేటాయింపే, ఎందుకంటే అక్కడ లెక్క ఉంది, వాటా ఉంది. రూటు దగ్గర చూసేది వాటా కాదు, సరిపోతుందా లేదా అని. ఇక ఆ ‘బడ్డాయి’ని ఎలాగైనా తీసెయ్యండి. కంపెనీ వాళ్లు చేసిన పనికి కర్తను దాచడమెందుకు?

మూడో జవాబు:
శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కార్లలో (రోడ్డు కింద కదిలే తాడు పట్టుకుని పట్టాల మీద నడిచే బండ్లు) ఇంకా తమాషా. పావెల్ వీధి బండ్లను ఒక వైపు నుంచే నడపగలరు. అందుకే చివర తిరుగుడు బల్ల మీదికి ఎక్కించి సిబ్బంది చేత్తో నెట్టి తిప్పుతారు. కాలిఫోర్నియా వీధిలో ఆ బల్లల్లేవు, కాబట్టి రెండు వైపుల నుంచీ నడిపే బండ్లు వేశారు. పావెల్ బండి అక్కడికి వెళితే చివర వెనక్కి తిరిగే దారే లేదు. అంటే రూటే బండిని ఎంచుకుంటోంది. మనం చెప్పేది కూడా ‘రూటుకు బండి’ అనే, ‘బండికి రూటు’ అని కాదు.
అన్నట్టు, స్ట్రీట్‌కార్‌ని ‘వీధి కారు’ చెయ్యకండి. మద్రాసులో 1953 దాకా తిరిగినవాటికి ‘ట్రాము’ అన్న మాట మనకు ఉండనే ఉంది.

అడిగిన నేను:
అందరికీ దణ్ణం. ఇలా మార్చాను: "28వ నంబరులో పొట్టి ట్రాములే తిప్పుతారు. పొడుగువాటిని 15కి వేశారు." చిత్రమేంటంటే, ఇన్నాళ్లూ క్రియ కోసం వెతికాను గానీ సగం పని ‘ట్రాములే’లోని ఏకారమే చేసింది. ఇప్పుడు ‘అతుకుల ట్రాము’ మీద అనుమానం పట్టుకుంది. అతుకులంటే చిరిగి కుట్టిన బట్టలా లేదూ?